ఇంజనులో చమురు ఒత్తిడి హఠాత్తుగా తప్పినపుడు రైతు చేయవలసిన పనులు

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములందలి రైతుల కొరకు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డయందును, వనపర్తి, నాగరుకర్నూలు చెలకలయందును ఒకప్పుడు సేద్యమంతయు ఎద్దుల మెడమీదనే సాగెడిది. ఎద్దు అలసినచో అడుగు మందగించును, నురుగు గ్రక్కును, కాడి దింపుమని తన రీతిని యజమానునకు తెలుపును. నేడు దుక్కి దున్నుట, నాట్లకు ముందు మడిని బురదచేయుట, వేరుశనగకాయ రాల్చుట, పత్తికట్టెను నేలలో కలిపివేయుట, పంటను మార్కెటునకు చేర్చుట మొదలగు పనులలో పెద్దభాగము ట్రాక్టరుమీద పడినది. 2018 జనవరి 1న తెలంగాణమున వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు ఆరంభమైన పిదప బావులవద్ద డీజిలు ఇంజనుల అవసరము తగ్గినది. అయినను ట్రాక్టరు గల ప్రతి రైతు ఒక ఇంజనునకు యజమానుడే.

ఇంజను ఎద్దువలె అలసట తెలుపదు. దానిలో చమురు ఒత్తిడి తప్పినను కొంతసేపు మునుపటివలెనే తిరుగుచుండును. లాగుడులో లోటు కానరాదు. ఆ కొద్దిసేపటిలోనే లోపల జరుగవలసిన నాశనము జరిగిపోవును. కావున ఈ విషయమున రైతు నేర్చుకొనవలసిన ముఖ్యసూత్రము ఒక్కటే. చమురు గేజి సూది పడిపోయినపుడుగాని, ఎర్రదీపము వెలిగినపుడుగాని, పని ఎంత తొందరదైనను, ఇంజనును ఆ క్షణమే ఆపవలెను. కారణము తెలియువరకు తిరిగి నడుపరాదు. దీనికి హేతువును, ఆపిన పిదప చేయవలసిన పరీక్షలను ఈ దిగువ వివరింపబడినవి.

1. చమురు చేయు పని

ట్రాక్టరు ఇంజనులో క్రాంకుషాఫ్టు పనివేళ నిమిషమునకు వేయి మొదలు రెండువేలకు పైగా చుట్లు తిరుగును. దానిని మోయునవి పలుచని బేరింగు రేకులు. షాఫ్టును మోయువానిని మెయిను బేరింగులనియు, కనెక్టింగు రాడ్డు అడుగున నుండువానిని బిగ్గెండు బేరింగులనియు అందురు. ఆరోగ్యముగ నున్న ఇంజనులో షాఫ్టుయొక్క ఇనుము ఈ రేకులను తాకదు. రెంటి నడుమ తలవెండ్రుకకన్న ఎన్నో రెట్లు పలుచనైన చమురుపొర నిలిచి, షాఫ్టును తనపై తేలించుకొనుచుండును. రాపిడివలన పుట్టిన వేడిని కొనిపోవుటయు, మసిని కడిగి ఫిల్టరునకు చేర్చుటయు గూడ ఆ చమురే చేయును.

ఆ పొర తెగినచో ఇనుము రేకును ఒరయును. రేకుపైనుండు మెత్తని లోహపు పూత ముందుగా కరగి జారును. పిదప రేకు తన గూటిలో తిరుగబడి చమురు రంధ్రమును మూసివేయును. షాఫ్టు గీతలుపడి నల్లబారును. ఆ మీదటను ఇంజను తిరిగినచో షాఫ్టు పట్టివేయును. దీనినే మెకానిక్కులు సీజగుట యందురు. కొన్ని వేళల రాడ్డు విరిగి ఇంజను దిమ్మెనే పగులగొట్టి బయటికి వచ్చును. బరువుమీదనున్న ఇంజనులో ఇదియంతయు జరుగుటకు గంటలు పట్టదు; కొన్ని క్షణములు మొదలు కొద్ది నిమిషములు చాలును.

2. ఒత్తిడి అనగా నేమి

ఇంజను అడుగుననుండు ఛేంబరులో చమురు నిలువయుండును. అందు మునిగియున్న జల్లెడగొట్టము ద్వారా పంపు చమురును పీల్చి, ఫిల్టరు గుండ నడిపి, దిమ్మెలోని పెద్ద మార్గమునకు పంపును. అచటినుండి మెయిను బేరింగులకును, షాఫ్టులోని రంధ్రముల గుండ బిగ్గెండు బేరింగులకును, తలమీది వాల్వులకును, టర్బో గల ఇంజనులలో ఆ టర్బోకును చమురు పారును.

దీనిని కాలువతో పోల్చి చూచిన సులభముగ బోధపడును. కాలువలో మట్టము నిలుచుటకు తలవద్ద నీరు చాలినంత రావలెను. నడుమ గండ్లు ఉండరాదు. తూములు మితిమీరి తెరువరాదు. వీనిలో ఏది తప్పినను చివరి పొలము ఎండును. రాజోలిబండ కాలువ చివరిభూముల రైతులకు ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. ఇంజనులోనూ అట్లే. గేజి సూది చూపునది కాలువ మట్టమువంటిది. అది పడిపోయినదనగా పంపునకు చమురు అందుట లేదనిగాని, నడుమ కారిపోవుచున్నదనిగాని, చమురు పలుచబడినదనిగాని, బేరింగులు అరిగి సందులు పెద్దవైనవనిగాని అర్థము. ఇవి యేవియు గాక గేజియే చెడియుండుటయు కలదు. కాని అది పరీక్షవలన తేలవలసినదేగాని ఊహించుకొనదగినది కాదు.

పనివేడిలోనున్న సాధారణ ట్రాక్టరు ఇంజను పూర్తివేగమున తిరుగునపుడు చదరపు సెంటీమీటరునకు సుమారు 2 నుండి 4 కిలోల ఒత్తిడి చూపును. నెమ్మదిగా తిరుగునపుడు అది ఒక కిలోకు అటునిటుగా నుండును. ఉదయము చల్లగా నున్నపుడు చమురు చిక్కగా నుండుటచే సూది ఎక్కువ చూపుట సహజము. నిశ్చయమైన అంకెను ఆయా ఇంజనుతో వచ్చిన పుస్తకమున చూచి, గేజిప్రక్కన రంగుతో గుర్తువేసికొనుట మేలు.

నిమిషమునకు 650 చుట్లు తిరుగు లిస్టరు తరహా పాత పంపు ఇంజనులలో పలువానికి గేజి లేదు. రాడ్డు అడుగున చెంచావలెనున్న భాగము చమురును చిమ్మి బేరింగులను తడుపును. అట్టి ఇంజనులకు మట్టమే ప్రాణము. మట్టము చెంచాకు అందనిచో తడియే ఉండదు.

3. ఒత్తిడి హఠాత్తుగా తప్పుటకు కారణములు

మొదటిది, చమురు కారిపోవుట. ఛేంబరు అడుగు బిరడా వదులై ఊడుట, ఫిల్టరు సరిగా బిగింపకుండుట, పాత రబ్బరు చుట్టను తీయక దానిపైననే క్రొత్త ఫిల్టరును బిగించుట, గేజి గొట్టముగాని చమురు చల్లార్చు గొట్టముగాని పగులుట ఇందు చేరును. పత్తికట్టెయో రాయియో అడుగున తగిలి బిరడాను దెబ్బకొట్టుటయు కలదు.

రెండవది, చమురు ఉండియు పంపునకు అందకుండుట. చాలకాలము మార్చని చమురు బంకగా మారి జల్లెడను మూసివేయును. మట్టము తక్కువగా నున్న ట్రాక్టరు గట్టు ఎక్కునపుడుగాని, లోతుబురదలో ఒకవైపు ఒరిగినపుడుగాని, చమురు ఒక మూలకు పోయి జల్లెడ గాలి పీల్చును. జూరాల కాలువక్రింది మడులలో ఇనుపచక్రములతో బురదచేయువారు ఈ సంగతి గమనింపవలెను. అట్టి పనిలో సూది ఒకసారి పడి మరల లేచినచో అది మొదటి హెచ్చరిక.

మూడవది, పంపుగాని దాని పండ్లచక్రముగాని విరుగుట. లేక అదనపు ఒత్తిడిని వదలు వాల్వు, ఇసుకరేణువు చిక్కి, తెరచుకొనియే నిలిచిపోవుట.

నాలుగవది, చమురు పలుచబడుట. ఇంధన పంపు పొర చినిగినను, ఇంజెక్టరు కారినను డీజిలు చమురులో కలియును. రేడియేటరు రెక్కలు పొట్టుతో మూసికొనిపోయి ఇంజను మితిమీరి వేడెక్కినను చమురు పలుచబడును. ఎండకాలపు మధ్యాహ్నములందు పొట్టు ఎగురుచుండగా ఒకేచోట నిలిపి కాయ రాల్చు యంత్రమును త్రిప్పునపుడు ఇది తరచుగ సంభవించును.

అయిదవది, బేరింగుల అరుగుదల. ఇది హఠాత్తుగా రాదు. పనివేడిలో సూది వారమువారమునకు కొంచెము కొంచెముగ దిగుచుండును. దానిని లెక్కచేయనివానికి మాత్రమే అది హఠాత్తుగా వచ్చినట్లు తోచును.

4. ఆ క్షణమున చేయవలసినది

సూది పడుట, దీపము వెలుగుట, ఇంజను లోపలినుండి సుత్తితో కొట్టినట్లు బరువైన చప్పుడు వచ్చుట, కాలిన చమురు వాసన, శ్వాసగొట్టమున పొగ, కారణము లేకయే ఇంజను బరువుగా తిరుగుట, వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఈ క్రమమున నడువవలెను.

(1) క్లచ్చు పూర్తిగ త్రొక్కి ఇంజనుమీది బరువును తీసివేయవలెను. యంత్రమును త్రిప్పు పి.టి.ఓ. మీటను విడిపింపవలెను.

(2) వేగపు మీటను తగ్గించి, వెనువెంటనే స్టాపు తీగ లాగవలెను. చల్లారుటకని ఇంజనును నెమ్మదిగ తిరుగనిచ్చుట మామూలు వేళల మంచిదే. ఒత్తిడి తప్పినపుడు అది హానికరము.

(3) బండి నడుచుచున్నచో క్లచ్చు వదలరాదు, గేరు తీసివేయవలెను. గేరులోనున్న బండి వాలున జారునపుడు, డీజిలు ఆపినను, చక్రములే ఇంజనును త్రిప్పుచుండును. రెండు బ్రేకులను కలిపి త్రొక్కి నిలుపవలెను. ఇంజను ఆగినపుడు పవరు స్టీరింగు బరువెక్కునని ముందే ఎరిగియుండవలెను. ట్రాలీతో రోడ్డుమీద నున్నచో బండి ఊపుతోనే ప్రక్కకు దింపి, చక్రములకు రాళ్లు వేసి, రాత్రియైన దీపము ఉంచవలెను.

(4) స్టాపు తీగ తెగియున్నచో ఇంజెక్షను పంపుమీది స్టాపు మీటను చేతితో నొక్కవలెను. ఆ మీట ఎచటనున్నదో ముందుగానే తెలిసికొనుట ప్రతి డ్రైవరు విధి.

(5) వేడి ఇంజనుమీద చన్నీళ్లు పోయరాదు. రేడియేటరు మూత తెరువరాదు.

బురదమడి నడుమ ఆపినచో బండి దిగబడునని పలువురు భయపడుదురు. దిగబడిన బండిని న్యూట్రలులో నుంచి మరియొక బండితో లాగింపవచ్చును. విరిగిన షాఫ్టును ఎవరును లాగి బాగుచేయలేరు.

5. ఇద్దరు రైతుల దృష్టాంతము

ఒక గ్రామమున ఇద్దరు అన్నదమ్ములున్నారనుకొందము. ఇద్దరి మడులును నాట్లకు సిద్ధము కావలెను. కూలీలు మరునాటికి కుదిరియున్నారు. కాలువ వంతు ఆ రాత్రితో ముగియును. ఇద్దరి బండ్లలోను అడుగు బిరడా వదులై చమురు కారినది. అన్నగారి డ్రైవరు ఎర్రదీపము చూచినంతనే ఆపినాడు. బిరడాకు క్రొత్త రాగిచుట్ట వేసి బిగించి, క్రొత్త చమురు పోసి, పరీక్షించి, సాయంకాలమునకు మరల పని మొదలిడినారు. పోయినది అర్ధదినమును, కొంత చమురును. తమ్ముని డ్రైవరును దీపమును చూచినాడు. కాని మిగిలినది రెండు చుట్లేగదా యని తలచినాడు. రెండవ చుట్టు నడుమనే ఇంజను పట్టివేసినది. మడి మిగిలినది, కాలువ వంతు పోయినది, కూలీలు మరియొకరి పొలమునకు పోయినారు, బండి మరమ్మతుశాలలో పడియున్నది.

ఈ తమ్ముని డ్రైవరు తెలివితక్కువవాడు కాడు. పని ఆపినచో యజమానుడు కోపించునని భయపడినాడు. ఇదియే ఇందలి అసలు నీతి. బండి మరియొకరిచేత నడిపించు రైతు డ్రైవరునకు ముందుగానే స్పష్టముగ చెప్పవలెను: “దీపము వెలిగినపుడు ఆపుము. నన్ను అడుగనక్కరలేదు. వట్టిదే ఆపినను నిన్ను ఏమియు అనను.” ఈ మాట ఖర్చులేనిది. సమయమునకు ఇంజనును కాపాడునది ఇదియే.

6. ఆపిన పిదప పరీక్ష

పది పదునైదు నిమిషములు ఆగి, వీలైనచో సమతలమున, కొలతపుల్లను తీసి తుడిచి, మరల ముంచి చూడవలెను. బండిక్రింద వంగి బిరడా, ఫిల్టరు, గొట్టములు చూడవలెను. అపుడు నాలుగింటిలో ఒకటి తేలును.

మట్టము తగ్గి, కారినచోటు స్పష్టముగ కనబడినయెడల, అచట బాగుచేసి, తగిన చమురు పోసి, స్టాపు తీగ లాగియుంచి డీజిలు అందకుండ స్టార్టరుతో పది క్షణములవంతున, నడుమ విరామమిచ్చుచు త్రిప్పవలెను. సూది లేచి, ఇంజను తేలికగా తిరిగి, ఆపుటకు ముందు చప్పుడేమియు వినబడియుండనిచో, అపుడు బరువు లేకుండ నెమ్మదిగా నడిపి చూడవచ్చును. ముందు చప్పుడు వినబడియుండినచో, ఒత్తిడి మరల వచ్చినను నడుపరాదు; బేరింగులు విప్పి చూపింపవలెను.

మట్టము సరిగా నున్నను సూది లేవనిచో ఇంజనును ముట్టింపరాదు. మెకానిక్కును పిలిపించి, దిమ్మెమీది చమురు రంధ్రమునకు మంచిదని తెలిసిన వేరొక గేజిని తగిలించి, డీజిలు లేకుండ త్రిప్పి చూడవలెను. ఆ గేజి లేచినచో తప్పు పాత గేజిదిగాని దాని తీగదిగాని అగును. లేవనిచో ఛేంబరు విప్పవలసినదే.

మట్టము మునుపటికన్న పెరిగి, చమురు నీళ్లవలె జారుచు డీజిలు వాసన కొట్టినచో డీజిలు కలిసినది. మజ్జిగవలె తెల్లబారినచో నీరు కలిసినది. ఈ రెండింటిలోను చమురు మార్చినంతమాత్రమున చాలదు. కలియుటకు కారణమును తొలగింపవలెను.

ఫిల్టరును కోసి కాగితపు మడతలు విప్పి చూచుట మంచి పరీక్ష. తళుకుమను రేణువులు కనబడిన బేరింగులు ఒరసికొన్నవని తెలియవలెను. అయస్కాంతమునకు అంటునది ఇనుము. అంటనిది చాలవరకు బేరింగు లోహము.

7. చేయరాని పనులు

ఏమైనదో చూతమని మరల మరల స్టార్టు చేయరాదు. పట్టివేసిన ఇంజనును వదులుచేయుటకని గేరులో నుంచి మరియొక బండితో లాగింపరాదు. సూది లేచుటకని ఊరక చిక్కని చమురు పోయరాదు. అది రోగమును దాచునేగాని మాన్పదు. విసిగించుచున్నదని దీపపు తీగను ఊడదీయుట అన్నింటికన్న చెడ్డది. మట్టము గుర్తుకు మించి పోసినను చమురు నురగై, నురగలో గాలియుండుటచే ఒత్తిడి నిలువదు.

8. మరమ్మతు చేయించునపుడు

రేకులు మాత్రము మార్చి పంపుట చాలదు. షాఫ్టును కొలిపింపవలెను. గీతలున్నచో దానిని 0.25 లేక 0.50 మిల్లీమీటరు తగ్గించి సానబట్టించి, ఆ కొలతకు సరియైన రేకులనే వేయింపవలెను. చమురు మార్గములను, చల్లార్చు గొట్టములను లోహపురజను లేకుండ కడిగింపవలెను. లేనిచో పాత రజనే క్రొత్త బేరింగులను తినివేయును. పంపు, వాల్వు, జల్లెడ మూడింటిని కన్నులార చూడవలెను. ఒత్తిడి ఏల తప్పినదో మెకానిక్కు చెప్పగలుగువరకు మరమ్మతు పూర్తియైనదని తలపరాదు. ముట్టించుటకు ముందు డీజిలు లేకుండ త్రిప్పి సూది లేపుట ఇచటను తప్పనిసరి.

9. ముందు జాగ్రత్తలు

ప్రతి ఉదయము బండి కదలకముందే కొలతపుల్ల చూడవలెను. తాళము త్రిప్పినపుడు, ముట్టించుటకు పూర్వము, ఎర్రదీపము వెలుగవలెను. వెలుగనిచో దీపమే పోయినది, దానిని అప్పుడే మార్చుకొనవలెను. ముట్టించిన కొద్ది క్షణములలో దీపము ఆరవలెను, సూది లేవవలెను. అంతవరకు వేగము పెంచరాదు.

చమురును, ఫిల్టరును పుస్తకమున చెప్పిన గంటలకు మార్చవలెను. పెక్కు ట్రాక్టరులకు ఇది సుమారు 250 గంటలు. క్రొత్త బండికి మొదటిమారు అంతకన్న చాల ముందుగ మార్చవలెను. దుమ్ములో కాయ రాల్చు బండ్లకును, దినమంతయు బురదలో పనిచేయు బండ్లకును గడువుకు ముందే మార్చుట లాభము. గాలి ఫిల్టరును, రేడియేటరు రెక్కలను కాయ రాల్చు దినములలో సాయంకాలమందు తప్పక శుభ్రపరుపవలెను. పాత చమురును బావిదగ్గరగాని పొలములోగాని పారబోయరాదు.

వనపర్తి ప్రాంతమున 1959లో పూర్తియైన సరళాసాగరమున నీరు నిండినపుడు మనుష్యుని చేయి తగులకయే సైఫనులు వానియంతట అవి పనిచేయును. పెక్కు ట్రాక్టరులలో అట్టి కాపుదల లేదు. డ్రైవరు కన్నే కాపుదల. కాని కాపులేక రాత్రులు నడుచు పంపు ఇంజనులకును, జనరేటరులకును, ఒత్తిడి తగ్గినపుడు తనంతట ఇంజనును ఆపు సాధనము దొరకును. ఒత్తిడి పంపు గల ఇంజనులకు దానిని అమర్చుకొనుట మంచిది.

ముగింపు

బండికొక చిన్న పుస్తకము పెట్టి, చమురు పోసిన దినము, మార్చిన గంటలు, పనివేడిలో సూది చూపిన అంకె వ్రాయించుచున్నచో, రాబోవు చెడుపు చాలముందుగ తెలియును. సూదియే పడిన దినమున గుర్తుంచుకొనవలసినవి మూడే: వెంటనే ఆపుట, కారణము తెలియక నడుపకుండుట, ఆపినవానిని నిందింపకుండుట. ఈ మూడింటిని పాటించు రైతునకు పోవునది ఒక పూట పని. పాటింపనివానికి పోవునది ఒక కారు సేద్యము.